ఒక గానసభ, ఒక దొంగ లాడ్జి

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట తీరదు. కాకినాడలో ఏసీ డబుల్ రూం 1,450 రూపాయలని ఫోన్లో చూసి బుక్ చేశాను. పొద్దున్నే ఆరున్నరకి వెళ్తే కౌంటర్లో కుర్రాడు "అది ఇద్దరికండి, మీరు ముగ్గురు కదా" అని అదనపు పరుపుకి 400 తీసుకున్నాడు. ఆ పరుపు వచ్చింది రాత్రి పదకొండింటికి, అదీ నాన్న మూడుసార్లు మెట్లు దిగి ఎక్కాక. గది కడుగుతున్నారని మమ్మల్ని ఎనిమిదీ పది దాకా కింద కూర్చోబెట్టారు. వేడినీళ్లు ఎనిమిదింటికే ఆపేస్తారట! "24 గంటల చెకౌట్" అని గోడ మీద పెద్ద బోర్డుంది. తీరా రిజిస్టర్లో మా టైం ఆరున్నర అని రాసుకుని, మర్నాడు ఏడింటికి తలుపు కొట్టి, ఆలస్యమైందని ఇంకో 700 లాగారు.

అసలు ఈ ప్రయాణం అమ్మ కోసం. పెళ్లికి ముందు నాలుగేళ్లు వీణ నేర్చుకుంది. దసరా కచేరీలకి తాతయ్య తనని కాకినాడ సరస్వతీ గానసభకి తీసుకెళ్లేవారట. నూరేళ్లు దాటిన సభ అది. రేడియో కూడా లేని రోజుల్లో విద్వాంసుడి ఇంట్లో పొయ్యి వెలగాలంటే జమీందారైనా పిలవాలి, ఇలాంటి సభైనా పిలవాలి. అమ్మకి మాత్రం ఈ చరిత్రంతా అక్కర్లేదు, ఆ హాలు చూస్తే చాలు.

ఆ సభ హాలు పేరు సూర్యకళా మందిరం. ఆ పేరు చెప్తే ఆటోవాడు దారి అడగలేదు, 80 రూపాయలు. ముందు ఫోన్ చేసుకోకుండా మిట్టమధ్యాహ్నం వెళ్లాం, తప్పు మాదే. కచేరీ లేని రోజు అక్కడేముంటుందని నాన్న గేటు దగ్గరే సణుగుడు మొదలుపెట్టారు. అక్కడున్న పెద్దాయన మాత్రం అమ్మ రెండు ముక్కలు చెప్పేసరికి "ఆయ్, రండమ్మా, చూసుకోండి" అని తలుపు తీసి, ఒక ఫ్యాన్ కూడా వేశాడు.

ఖాళీ కుర్చీలు, ఖాళీ వేదిక. అమ్మ ముందు వరసకి వెళ్లలేదు. తాతయ్య ఎప్పుడూ వెనక గోడ పక్కనే కూర్చునేవారట, మధ్యలో లేచి చుట్ట కాల్చుకోడానికి. అక్కడే కూర్చుని తొడ మీద ఆదితాళం వేస్తూ ఏదో వర్ణం (కచేరీ మొదట్లో పాడేది) చాలా సన్నగా మొదలుపెట్టింది, తాళం రెండో చుట్టులో మర్చిపోయింది. నాన్న చెప్పులు బయట వదిలొచ్చి పక్కన కూర్చున్నారు. నలభై నిమిషాలు. పెద్దాయన డబ్బులిస్తే తీసుకోలేదు, "దసరాకి రండి" అన్నాడు.

ఆ సంతోషంలో సుబ్బయ్య గారి హోటల్లో అరిటాకు భోజనం. కూరలన్నీ ఎందుకు చెప్పడం, నాన్న పెరుగు దాకా వచ్చి మళ్లీ పప్పు అడిగారు.

మర్నాడు కారు, డ్రైవర్ బత్తాతో కలిపి 2,800. పొద్దున ద్రాక్షారామం. వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి 1922లో పుట్టిన ఊరు. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో పుట్టింది కాకినాడలో. గురువు ఊరికీ శిష్యుడి ఊరికీ మధ్య గంట ప్రయాణం, దారంతా వరి చేలూ కాలవలూ. భీమేశ్వరుడి దర్శనం అరగంటలో అయింది. లింగం రెండంతస్తుల ఎత్తు, పై అంతస్తు మెట్లు మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోండి.

మధ్యాహ్నం పిఠాపురం. తుమరాడ సంగమేశ్వర శాస్త్రి ఆ సంస్థానంలో వీణ విద్వాంసులు. ఆయన వీణ విని ఠాగూరు శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. శాస్త్రి గారి పేరు చెప్పి నలుగుర్ని అడిగితే ముగ్గురు కుక్కుటేశ్వరస్వామి గుడికి, ఒకరు దత్తపీఠానికి దారి చూపించారు. అమ్మకి కోపం వచ్చింది, కారులో గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. కాకినాడ వచ్చి కిలో గొట్టం కాజా కొన్నాకే మళ్లీ మాటలు.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది: దసరా రోజుల్లో వెళ్లండి, గది ముందే తీసుకోండి, లోపలికి వెళ్లిన టైం రిజిస్టర్లో మీ చేత్తో మీరే రాయండి. ఆ 700 కోసం నేను యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది: "మా దగ్గర మీ బస ఆనందంగా సాగినందుకు ధన్యవాదాలు."