పాత ట్రాక్టర్: బాగుచేయించి అమ్మడం మేలా, ఉన్నదున్నట్టు ఇచ్చేయడం మేలా?

ముందు తేలాల్సింది ఎవరికి ఇస్తున్నామన్నది. కొత్త ట్రాక్టర్ కొంటూ పాతదాన్ని డీలర్‌కు మార్పిడికి ఇచ్చేటట్లయితే మరమ్మతుల జోలికి పోవద్దు. అతనికి సొంత షెడ్డు, మెకానిక్కులు ఉంటారు. మనం బయట చేయించే పని అతనికి తక్కువలో అయిపోతుంది కాబట్టి మన ఖర్చును ధరలో కలపడు. మోడల్, తయారైన ఏడాది, నడిచిన గంటలు, టైర్ల అరుగుదల చూసి ధర కడతాడు. శుభ్రంగా కడిగి, కాగితాలు సరిచూసి ఇచ్చేయడమే. ఒక్క జాగ్రత్త: పాతదానికి ఎక్కువ కట్టినట్టు చూపి, కొత్తదాని మీద తగ్గింపు కోసేయవచ్చు. మన చేతి నుంచి చివరికి ఎంత పోతుందన్నదే అడగాలి.

నేరుగా రైతుకు అమ్మితే లెక్క మారుతుంది. అతను దాన్ని మర్నాడే పొలంలోకి దించుతాడు. ట్రాక్టర్ల సంగతి తెలిసినవాడైతే, ముందే నడిపి వేడెక్కించామేమోనని రాగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తాడు. చల్లగా ఉన్న ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంటే సగం బేరం కుదిరినట్టే. అందుకే బ్యాటరీ, సెల్ఫ్, డీజిల్ ఫిల్టర్, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు బాగుచేయించడం దండగ కాదు. లిఫ్ట్ కూడా అంతే. నాగలిని పైకెత్తి ఇంజను ఆపగానే అది జర్రున దిగిపోతే కొనేవాడి మనసూ దిగిపోతుంది. చాలాసార్లు అక్కడ సీళ్లు మారిస్తే సరిపోతుంది. బ్రేకుల విషయంలో లాభనష్టాలు చూడకూడదు, అది ప్రాణాలతో పని.

ఇంజను బోరుకు వచ్చి ఉంటే, అంటే లోపల సిలిండర్లు అరిగి విప్పి బాగుచేయాల్సి వస్తే? నేనైతే విప్పించను. లైనర్లు, పిస్టన్లు, రింగులతో ఆగుతుందనుకుంటాం. విప్పాక క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కూడా అరిగిందని తేలితే ఖర్చు చేయి దాటుతుంది. పైగా లోపల ఏం వేశామో కొనేవాడికి కనిపించదు, కనిపించనిదానికి అతను ధర ఇవ్వడు. నీలిపొగ వస్తోంది, ఆయిలు తాగుతోంది అని చెప్పి, ఆ మేరకు ధర తగ్గించడమే మేలు. పొగ కనబడకుండా చిక్కటి ఆయిలు పోసి అమ్మేవాళ్లున్నారు. అప్పు చేసి కొనే మనిషికి అది ద్రోహం.

రంగు సంగతీ అదే. నిగనిగలాడే కొత్త రంగు చూడగానే దాని కింద ఏ అతుకు, ఏ పగులు దాగుందోనన్న అనుమానం పుడుతుంది. ఎండకు వెలిసిన పాత రంగే నయం, ఆయిలు ఎక్కడ కారుతోందో దాచదు. వెనక టైర్లు బాగా అరిగినా కొత్తవి వేయించవద్దు. పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం, కొనేవాడు తన నేలకు తగినవి తనే ఎంచుకుంటాడు.

మార్చిన సామాన్ల బిల్లులు ఉంటే దాచి ఉంచండి, బేరం మొదలుకాకముందే కొనేవాడి చేతిలో పెట్టండి.