తాడు లేని బ్లైండ్లు: అయిదేళ్లు వాడాక

డాలస్ దగ్గర మేము కొన్న ఇల్లు 1998లో కట్టినది. కిటికీలకు పాత యజమానులు వదిలి వెళ్లిన అల్యూమినియం బ్లైండ్లే, అంటే తాడు లాగితే ఎత్తుకునే అడ్డపలకల తెరలే, ఉండేవి. రంగు వెలిసినా పనిచేస్తున్నాయి కదా అని ఉంచేశాము. 2020 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, పధ్నాలుగు నెలల మా పాప నిద్ర లేచిన అలికిడి విని గదిలోకి వెళ్లాను. క్రిబ్‌లో, అంటే చుట్టూ కటకటాలున్న పసిపిల్లల మంచంలో, నిలబడి ఉంది. బ్లైండు పలకల మధ్య నుంచి సన్నటి తాడును లాగి, ఆ ఉచ్చును తల మీదుగా మెడలో వేసుకుంది, పెళ్లిదండ వేసుకున్నట్టు. నన్ను చూసి నవ్వింది. అప్పుడు కాలు జారి ఉంటే అన్న మాట దగ్గర నాకు ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది.

పక్కన వేలాడే లాగుడు తాడు ప్రమాదమని నాకు తెలుసు. దాన్ని చుట్టి పైన పెట్టాను కూడా. తెలియనిది లోపలి తాడు సంగతి. నిజానికి అది వేరే తాడు కాదు. బయట వేలాడేదే పైపట్టీలోంచి తిరిగి, పలకల రంధ్రాల గుండా కిందికి దిగుతుంది. పలకల మధ్య పట్టుకుని లాగితే బయటిది పైకి పాకుతుంది, లోపల ఉచ్చు తయారవుతుంది. బిడ్డ మెడ దూరేంత ఉచ్చు!

మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. "ముడి వేసి మేకుకు తగిలిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకే?" అంది. ముడి వేసింది కూడా. బయటి తాడుకు వేసిన ఆ ముడి మరో ఉచ్చు అయి కూర్చుంది.

ఆ రాత్రి చదువుతూ కూర్చుంటే తెలిసింది: సరిగ్గా ఈ లోపలి తాడు కోసమే 2000 నవంబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, కిటికీ తెరల పరిశ్రమ కలిసి దాదాపు 8.5 కోట్ల బ్లైండ్లకు మరమ్మతు రీకాల్ (లోపం ఉంది, బాగుచేయించుకోండి అనే పిలుపు) ప్రకటించాయి. అంటే ఇరవై ఏళ్ల కిందట. 2009 డిసెంబరులో మడతలు పడే రోమన్ తెరలకూ చుట్టుకునే తెరలకూ మరొకటి, 5 కోట్లకు పైగా. రీకాల్ అంటే కారుకు వచ్చినట్టు ఇంటికి ఉత్తరం వస్తుందనుకునేదాన్ని. కారుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, బ్లైండుకు ఏముంది? ఇల్లు చేతులు మారింది, పైపట్టీ వెనక స్టిక్కరు వెలిసిపోయింది, బ్లైండు మాత్రం గోడకే ఉంది. కిటికీ తెరల తాళ్ల వల్ల ఏటా సుమారు తొమ్మిది మంది అయిదేళ్ల లోపు పిల్లలు చనిపోతున్నారని ఆ కమిషనే చెబుతుంది. కేక ఉండదు. పక్క గదిలో మనం కూర లో ఉప్పు చూసుకుంటూ ఉంటాము.

ఉచిత మరమ్మతు కిట్ తెప్పించాను. చిన్న సంచిలో ప్లాస్టిక్ బిళ్లలు, కుచ్చులు. బ్లైండు పూర్తిగా దించి, పైపట్టీకి దగ్గరగా తాడుకు బిళ్ల కట్టాలి. అప్పుడు లోపలి తాడు ఇంక బయటికి రాదు. కిటికీకి పావుగంట పట్టింది, బాగానే పనిచేసింది. కానీ లాగుడు తాడు వేలాడుతూనే ఉంది. రెండు వారాల తరువాత అన్నీ పీకేశాను. ఎవరికీ దానం ఇవ్వలేదు. తాళ్లు కత్తిరించి చెత్తలో వేశాను.

వాటి స్థానంలో తేనెపట్టు గదుల్లాంటి మడతలున్న తాడు లేని తెరలు పెట్టాము, మొత్తం ఏడు. కింది పట్టీని చేత్తో పట్టుకుని ఎత్తడం, దించడం, అంతే. 2018 డిసెంబరు 15 తరువాత తయారైన రెడీమేడ్ తెరలకు అందుబాటులో తాడు ఉండకూడదని, ఉన్నా చాలా పొట్టిగా ఉండాలని ఇక్కడ ప్రమాణం వచ్చింది. మేము కొన్న అయిదు అలాంటివే. మిగతా రెండు కిటికీల కొలతలు వేరు కావడంతో ఆర్డరు ఇచ్చి చేయించుకోవాల్సి వచ్చింది. ఆ దుకాణంలో మొదట చూపించింది తాడున్నదే! ఆర్డరు తెరలకు ఆ నిబంధన 2024 జూన్ 1 దాకా రాలేదు మరి. తాడు లేనిదానికి అదనంగా చెల్లించాము.

అయిదేళ్లలో లోపాలు లేకపోలేదు. పడమటి కిటికీ తెరలో స్ప్రింగు పట్టు తప్పింది. దించితే ఆగదు, రాత్రికి జానెడు పైకి పాకుతుంది. వంటగది సింకు మీది తెర నాకు అందదు, గరిటె కాడతో నెట్టుకుంటాను. ఒక పక్క వంగితే పూర్తిగా కిందికి లాగి మెల్లగా ఎత్తాలి, సరి అవుతుంది. మడతల్లో చచ్చిన పురుగులు చేరతాయి, ఏ బ్రష్షుకూ రావు. లోపల దారాలు అసలు లేవనుకోకండి. ఉన్నాయి, మడతల్లో దాగి ఉన్నాయి. గుడ్డ చిరిగితే బయటపడతాయి కాబట్టి నెలకోసారి వేలితో తడిమి చూస్తాను.

తాడు మీద కన్ను పడ్డాక ఇల్లంతా తాళ్లే కనిపించాయి. పక్క గది నుంచి బిడ్డను కనిపెట్టుకునే బేబీ మానిటర్ తీగ క్రిబ్‌కు మూడడుగుల దూరంలో ఉండాలట. 2011లో ఇద్దరు పిల్లలు చనిపోయాక సుమారు 17 లక్షల వీడియో మానిటర్లను రీకాల్ చేశారు. ఇచ్చిన పరిష్కారం తీగకు అంటించుకునే హెచ్చరిక లేబులు, కొత్త సూచనల కాగితం. పసివాడికి చదువు వస్తే కదా! మాది గోడకు ఎత్తులో బిగించి తీగను గొట్టంలోకి పంపాము. ఇంటి నుంచి వచ్చిన స్వెటర్ టోపీల తాళ్లు నేనే లాగేస్తాను. పాప మెడలో అమ్మ కట్టిన నల్లతాడును కాలికి మార్చాము. ఆ చర్చ రెండు రోజులు నడిచింది.

పోయిన డిసెంబరులో హైదరాబాదులో మా ఆడపడుచు కొత్త ఫ్లాటుకు వెళ్లాము. పడకగదిలో రోలర్ బ్లైండు, దాని పూసల గొలుసు మంచం పక్కన నేలదాకా పెద్ద ఉచ్చులా వేలాడుతోంది. రెండేళ్ల మా చంటివాడు లోపలికి అడుగు పెట్టగానే దాని దగ్గరికే నడిచాడు. బిగించేవాళ్లు క్లిప్పు ఏమీ ఇవ్వలేదా అని అడిగితే వదిన వంటగది సొరుగు లాగింది. విప్పని కవరులో ప్లాస్టిక్ క్లిప్పు, రెండు స్క్రూలు, హెచ్చరిక కార్డు. గొలుసును కిందికి బిగుతుగా లాగి గోడకు పట్టించడానికి పది నిమిషాలు పట్టింది. చంటివాడు వచ్చి దాన్ని వీణ తీగలా రెండుసార్లు మీటి, కదలకపోయేసరికి విసుగు పుట్టి చెప్పుల స్టాండు వైపు వెళ్లిపోయాడు.