మాజీ సైనికుల మానసిక ఆరోగ్యంపై ఆన్‌లైన్ కోర్సు: ఒక నర్సు మాట

నేను అమెరికాలో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో నర్సుని. ఇక్కడ ఏ వీధిలో చూసినా మాజీ సైనికులే. మా క్లినిక్ వాళ్లు చెయ్యమంటే ఈ కోర్సు తప్పక మొదలుపెట్టాను. మొదటి గంట విసుగు. ర్యాంకులు, బ్యాడ్జీలు, స్లైడ్ మీద స్లైడ్. చదివే గొంతుకే నిద్రొస్తున్నట్టుంది.

అసలు సరుకు రెండో భాగంలో ఉంది. "మీరు వెటరనా (మాజీ సైనికులా)?" అని కాకుండా "ఎప్పుడైనా సైన్యంలో పనిచేశారా?" అని అడగాలట. యుద్ధానికి వెళ్లనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చాలామంది మొదటిదానికి కాదనేస్తారు. మర్నాడే బీపీ పట్టీ కడుతూ ఒకావిడని అలా అడిగాను. "ట్రక్కు నడిపాను" అంది. రెండేళ్లుగా వస్తోంది, ఫైల్లో ఆ ముక్కే లేదు!

పీసీ-పీటీఎస్‌డీ-5 స్క్రీనింగ్ కూడా బాగా నేర్పారు. భయంకరమైన అనుభవాల తర్వాత వచ్చే మానసిక జబ్బు, పీటీఎస్‌డీ, ఉందేమో పసిగట్టే చిన్న పరీక్ష ఇది. గత నెలలో పీడకలలొచ్చాయా, ఊరికే ఉలిక్కిపడుతున్నారా, ఇలా అయిదు ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. అవునులు ఎక్కువైతే జబ్బు ఖాయమైనట్టు కాదు, ఇంకా లోతుగా చూడాలని మాత్రమే.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది తుపాకీ పాఠం. ఆత్మహత్య ముప్పు తగ్గించడానికి, ఇంట్లో తుపాకీ ఎక్కడ, ఎలా దాస్తారో మామూలుగా అడగాలి. గుంటూరులో పెరిగిన నాకు ఆ మాట నోట్లోంచి రావడానికే నాలుగుసార్లు పట్టింది. పక్క గదిలో మా ఆయన ఒకటే నవ్వు. సంక్షోభంలో ఉన్న మాజీ సైనికులు 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి 1 నొక్కాలన్నది ఇప్పుడు నా బ్యాడ్జి వెనక రాసుకున్నాను.

కుటుంబసభ్యులతో ఎలా మాట్లాడాలో మాత్రం పది నిమిషాల్లో తేల్చేశారు. క్విజ్ ఫోన్‌లో తెరుచుకోదు, ల్యాప్‌టాప్ దగ్గర పెట్టుకోండి. కోర్సుకి నేనిచ్చే మార్కులు అయిదుకి నాలుగు.