మా పేట అంగన్‌వాడీ: తిండి బాగుంది, వేళలే చాలవు

1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడిచే మా పేట కేంద్రంలో, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పెట్టే భోజనానికి వంక పెట్టలేము. పప్పు చిక్కగా ఉంటుంది. ఉడికించిన గుడ్డును టీచరమ్మ తన ఎదుటే తినిపిస్తుంది కనుక, అది ఇంటికి చేరి ముగ్గురి మధ్య ముక్కలయ్యే అవకాశం లేదు.

చిక్కంతా వేళలతోనే. సాయంత్రం నాలుగింటికి తలుపులు మూస్తే, తాపీ పనులకు వెళ్లిన తల్లులు చీకటి పడితే గాని తిరిగి రారు. ఆలోగా తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండేది బడి నుంచి వచ్చిన పదేళ్ల అక్కే. అదే వీధిలో నెలజీతం వచ్చేవారు ఫీజు కట్టి పిల్లల్ని ప్రైవేటు క్రెష్‌లో రాత్రి ఏడు దాకా ఉంచుతున్నారు. కూలి తల్లులకు శ్రద్ధ తక్కువనే మాట (చదువుకున్నవారే ఎక్కువగా అంటారు) నాకు అన్యాయంగా తోస్తుంది. మరో రెండు గంటలు తెరిచి ఉంచి, అందుకు ఆయమ్మకు అదనపు వేతనం ఇస్తే ఈ కేంద్రానికి పూర్తి మార్కులు వేస్తాను.