బయోటిన్ మాత్ర: గోళ్లు సరే, నా థైరాయిడ్ రిపోర్టు సంగతేంటి?

బయోటిన్ అనే బి విటమిన్ మాత్ర ఇది. దీనితో నాకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా సీసా మీది లేబుల్‌తోనే. ముందువైపు జుట్టు, గోళ్లు, చర్మం అని అంత పెద్ద అక్షరాలు వేసినవాళ్లకి, 'రక్తపరీక్షకి ముందు ఆపండి' అని వెనకవైపు ఒక్క ముక్క వేయడానికి చోటు దొరకలేదు.

నేను వాడేది 10,000 మైక్రోగ్రాములది, రోజుకొకటి. చాలాకాలంగా వాడుతున్నాను. ఇబ్బందేమీ లేదు, కడుపులో తిప్పడం కూడా లేదు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఏటా చేయించుకునే పరీక్షల రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) బాగా పడిపోయింది, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) పైకి పోయింది. ఎవరు చూసినా హైపర్‌థైరాయిడ్, అంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది అనే అంటారు. ఇక నా టెన్షన్ చూడాలి. గంటకోసారి నాడి పట్టుకుని చూసుకోవడం, చేతులు చాచి వణుకుతున్నాయా అని పరీక్షించుకోవడం. వణకలేదు, బరువు తగ్గలేదు, నిద్రా బాగానే పట్టేది. అయినా స్కాన్ దాకా, మందుల దాకా మాట వెళ్లింది.

నన్ను చూసిన డాక్టరుకే ఎక్కడో తేడా కొట్టింది. రిపోర్టు ఒకటి చెబుతోంది, మనిషి ఇంకోలా ఉన్నారు అంటూ, "జుట్టుకో గోళ్లకో ఏమైనా వేసుకుంటున్నారా?" అని అడిగారు. బయోటిన్ పేరు చెప్పగానే కొన్నాళ్లు ఆపి మళ్లీ రక్తం ఇమ్మన్నారు. ఇచ్చాను. రెండూ నార్మల్!

అప్పుడు అర్థమైంది అసలు కథ. చాలా ల్యాబ్ పరీక్షలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే గుణం మీద నడుస్తాయి. మన రక్తంలో బయోటిన్ విపరీతంగా ఉంటే ఆ చోట్లన్నీ అదే ఆక్రమించేస్తుంది. దాంతో టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా కనిపిస్తాయి. థైరాయిడ్ అయితే ఓ వారం బెంగతో పోతుంది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా కొన్ని యంత్రాల్లో ఇలాగే తక్కువ చూపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక ఇచ్చినప్పుడు, ఇలా తప్పు రిపోర్టు వచ్చిన ఒకరి మరణాన్నీ ప్రస్తావించింది. ఇంత జరిగాక కూడా నా సీసా మీద ఒక్క మాట లేదంటే ఒళ్లు మండదా?

బి విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది అంటారు. పోతుంది, నిజమే. కానీ పోయేలోపు మన రక్తంలోనే తిరుగుతుంది. పైగా పెద్దవాళ్లకి రోజుకి సరిపోయేది 30 మైక్రోగ్రాములు. ఈ మాత్రలో ఉన్నది దానికి 300 రెట్లకు పైనే.

గోళ్లు చీలడం తగ్గిందని మొదట్లో అందరికీ చెప్పాను. తగ్గిన మాట నిజమే. కాకపోతే అదే సమయంలో ఐరన్ మాత్రలూ మొదలుపెట్టాను, గిన్నెలు తోమేటప్పుడు గ్లవ్స్ తొడగడమూ అప్పుడే అలవాటైంది. కాబట్టి ఆ పుణ్యం దేనిదో తేల్చి చెప్పలేను. జుట్టు విషయంలో తేడా ఏమీ కనిపించలేదు. లోపం లేనివాళ్లకి బయోటిన్‌తో జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలు కూడా లేవట.

ప్రస్తుతానికి వాడుతూనే ఉన్నాను, సీసా ఇంకా మిగిలుంది కనుక. థైరాయిడ్ పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు, నేను మూడు రోజులు ఆపుతున్నాను. కిడ్నీలు సరిగా లేనివాళ్లకి ఆ గడువు చాలకపోవచ్చు, డాక్టరునే అడగాలి. బయోటినిడేజ్ లోపం (ఒంట్లో బయోటిన్ సరిగా వినియోగం కాని, పుట్టుకతో వచ్చే జబ్బు) లాంటి వాటికి వైద్యంగా వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు. నాకు గుండె జబ్బుండి ఉంటే, లేదా తరచూ థైరాయిడ్ డోసు మారుస్తూ ఉండాల్సి వస్తే, ఇంత డోసు జోలికి వెళ్లేదాన్ని కాదు.

రెండున్నర నక్షత్రాలు. సీసా అయిపోయాక మాత్ర ఆపి, ఐరన్, గ్లవ్స్ కొనసాగించి చూస్తాను. గోళ్లు మళ్లీ చీలితే ఇంకో నక్షత్రం కలుపుతాను.