తెరెంగానులో చేయించిన చెంగల్ చెక్కడపు పలక

కౌలాలంపూర్‌లోని మా ఇంటి వంటగది గుమ్మం పైన బిగించడానికి తెరెంగాను రాష్ట్రంలోని ఒక చిన్న పనిశాలలో చేయించిన చెక్కడపు పలక గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మూడడుగుల పొడవు, అడుగు ఎత్తు, అంగుళం మందం ఉన్న, చెంగల్ అనే గట్టి చెట్టు చేవకొయ్యను ఒక వైపు నుంచి రెండో వైపుకు రంధ్రాలు పడేలా తొలిచి దీన్ని తయారు చేశారు. మలయ్ వడ్రంగులు ఇలాంటి జాలీ పనిని కెరావాంగ్ అంటారు. పాత మలయ్ ఇళ్లలో తలుపుల మీద, కిటికీల మీద ఇవి తరచుగా కనిపిస్తాయి. ఉక్కపోతలో వేడి గాలి పైనుంచి బయటికి పోవడానికి, వెలుతురు లోపలికి రావడానికి, లోపలివాళ్లు బయటి చూపులకు పడకుండా బయటివాళ్లను చూడడానికి ఒకే పలక సరిపోతుంది. ఏడు వారాలు పట్టింది, తొమ్మిది వందల రింగిట్లు ఖర్చయింది.

పనిశాలకు వెళ్లే ముందు క్వాలా తెరెంగాను దగ్గర లోసోంగ్‌లో ఉన్న రాష్ట్ర మ్యూజియం చూశాను. అలా చేయడం నాకు చాలా మేలు చేసింది. అక్కడ 1888లో కట్టిన ఇస్తానా తెంగ్కు లోంగ్ అనే చెంగల్ కొయ్య భవనం ఉంది. దాని చెక్కడాల్లో బంగారు పూతతో కురాన్ వాక్యాలు తీగల మధ్య ఒదిగి ఉంటాయి. ఎక్కడ అక్షరం ఆగి ఎక్కడ ఆకు మొదలవుతుందో తేల్చుకోవడానికి నేను ఒక పలక ముందు చాలాసేపు నిలబడిపోయాను. హిజ్రీ 702, అంటే 1303 నాటి తెరెంగాను శాసనం కూడా ఆ మ్యూజియంలోనే ఉంది. అరబ్బీ అక్షరాలతో మలయ్ భాషను రాసే జావి లిపికి అది తొలినాటి సాక్ష్యం. రాతి మీద మొదలైన ఆ లిపి తరవాతి శతాబ్దాల్లో కొయ్య మీదికి, గుమ్మాల మీదికి ఎక్కిందని అక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది.

ఇస్లాం రాకముందు ఈ ద్వీపకల్పంలో హిందూ, బౌద్ధ రాజ్యాలు ఉండేవి, వాటి శిల్పుల చేతిలో మకరాలు, కీర్తిముఖాలు, పర్వత రూపాలు ఉండేవి. కొత్త మతం ప్రాణుల బొమ్మలను వద్దనడంతో శిల్పులు మొక్కల వైపు తిరిగారు. మల్లెపువ్వు, లవంగం, వెదురు మొలక, చిక్కుడు తీగ నులి అలా ముందుకు వచ్చాయి. పాత పర్వత రూపం మాత్రం ఆకుల గుబురుగా మారి చాలా చోట్ల నిలిచింది. ప్రాణులు పేర్లలో మిగిలాయి. బారుగా సాగే మెలికల వరసను "సాయంత్రం ఇంటికి వచ్చే బాతులు" అని, చుక్కల వరసను "బారులు తీరిన చీమలు" అని, చూరు అంచున వేలాడే కుచ్చులను "వేలాడే తేనెటీగలు" అని అంటారు. ఎంత వెతికినా బాతూ ఉండదు, చీమా ఉండదు, నడక మాత్రమే ఉంటుంది. ద్వారబంధం మీద గజలక్ష్మినీ, చిలకలనూ చూస్తూ పెరిగిన మనకు ఇది మొదట వెలితిగా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. పనిశాలలో ముసలి చెక్కడపు పనివాడి పక్కన కూర్చున్న రోజున ఆ అభిప్రాయం మారింది.

ఆయనను అందరూ పక్ చిక్ అని పిలుస్తారు, మనం బాబాయి అన్నట్టు. నేను కోరిన కొలతలు రాసుకోకముందే ఆయన అడిగిన ప్రశ్న, పలకను ఎక్కడ బిగిస్తారని. వంటగది గుమ్మం అని చెప్పగానే, అయితే అందులో కురాన్ వాక్యం చెక్కను, తీగ మాత్రమే చెక్కుతాను, వాక్యం ఇంటి ముఖద్వారానికి, ఎత్తైన చోటికి తగినది అన్నారు. తరవాత కాగితం మీద తీగ గీస్తూ దాని కట్టుబాటును వివరించారు. ప్రతి తీగకూ ఒక మొదలు ఉండాలి. దాన్ని పున్చా అంటారు, అది ఆకు చాటునో పువ్వు వెనకనో దాగి ఉండాలి. తీగ పెరగాలి కానీ సూర్యుణ్ణి పొడిచేటట్టు నిటారుగా దూసుకుపోకూడదు, పక్క తీగను అల్లుకుంటూ పోవాలి కానీ దాన్ని గాయపరచకూడదు, ఆకు కొస మళ్లీ లోపలికి వంగాలి. సృష్టి అంతా కంటికి కనబడని ఒకే మూలం నుంచి వచ్చిందనీ, మనిషి ఎంత ఎదిగినా తల వంచి ఉండాలనీ చెప్పే మాటలే ఇవి. ఇస్లాం ప్రభావం అంటే అరబ్బీ అక్షరాలూ ఎనిమిది కోణాల నక్షత్రాలూ అనుకుని వెళ్లిన నాకు, అది ఆకు కొస వంపులో కూడా ఉందని అప్పుడే తెలిసింది.

ఇక పలక సంగతి. మేఘంలా సాగే తీగను అవాన్ లారత్ అంటారు, నా పలకలో ఉన్నది అదే. దాని మొదలు ఎడమ మూలన అరవిచ్చిన మల్లె కింద ఉంది, నాకు దొరకడానికి రెండు రోజులు పట్టింది. రంధ్రాల అంచులను నిలువుగా కోసి వదిలేయకుండా ఉలితో ఏటవాలుగా చెక్కారు కాబట్టి, సాయంత్రం నాలుగింటికి ఎండ పడినప్పుడు గోడ మీద నీడ అంచులు మెత్తగా కనబడతాయి. ఉప్పుకాగితంతో మరీ నున్నగా రుద్దకపోవడం వల్ల వేలితో తడిమితే ఉలి నడిచిన జాడ తెలుస్తుంది. నాకు అది చాలా ఇష్టం. లోపమూ చెప్పాలి. కుడి అంచున ఒక ఆకు కాడ మరీ సన్నగా ఉంది, బిగించేటప్పుడు విరుగుతుందేమోనని భయపడ్డాను. చెప్పిన గడువు కంటే రెండు వారాలు ఆలస్యం కూడా అయింది.

అంతకుముందు ఏడాది నేను ఒక పర్యాటక వస్తువుల దుకాణంలో "చేతి చెక్కడం" అని చెబితే నమ్మి ఇలాంటిదే ఒకటి కొని మోసపోయాను. అది యంత్రం కోసినది. రంధ్రాల అంచులన్నీ ఒకే లోతులో ఉండేవి, రెండు సగాలూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండేవి. ఆకుల కొసలు బల్లేల్లాగా బయటికి పొడుచుకుని ఉండడం అన్నిటికంటే ఎక్కువ బాధించింది. అరబ్బీ అక్షరాలు అందంగానే ఉన్నాయి కానీ, తీగకు మొదలు ఎక్కడా లేదు.

కొనదలచినవారు ముందుగా గీత చూపించమని అడగండి, తీగ మొదలు ఎక్కడుందో చెప్పమని అడగండి. చేతిపని తెలిసినవారు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. చెంగల్ బరువైన కొయ్య, నా పలక నాలుగు కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి పలుచని ప్లాస్టరు గోడకు బిగించకూడదు. చెదలు అంత తేలికగా పట్టవు. తెరెంగాను దాకా వెళ్లలేనివారు కౌలాలంపూర్ జాతీయ మ్యూజియం ఆవరణలో ఉన్న ఇస్తానా సాతు చూడవచ్చు, అది తెరెంగాను నుంచి తెచ్చి నిలబెట్టిన కొయ్య భవనమే. పక్క రాష్ట్రం కెలంతాన్‌లోని కోటా భారు నగరంలో 1887లో కట్టిన ఇస్తానా జహార్ అనే భవనం కూడా చూడదగినది.

ముఖద్వారానికి బిస్మిల్లా చెక్కిన పలక కావాలని మా పక్కింటి మలయ్ కుటుంబం మా పలకను చూసి అడిగింది. పక్ చిక్‌కు వాళ్ల గుమ్మం కొలతలు పంపాను, తీగ గీసి పంపుతానని కబురు పెట్టారు.