తెలుగు క్లాసులో బ్లాగు: పోస్టులకన్నా కామెంట్లే పనికొచ్చాయి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక బడిలో ఏడు, ఎనిమిది తరగతులకి తెలుగు చెప్తాను. ఇంగ్లీషు, కన్నడం పోగా మిగిలిన పీరియడ్లే మావి. కరోనా తర్వాత బళ్ళు తెరిచినప్పటి నుంచి గూగుల్ వాళ్ళ బ్లాగుల సర్వీసు 'బ్లాగర్'లో క్లాసు బ్లాగు నడుపుతున్నాను. ఉచితం, మనం పెట్టుకుంటే తప్ప ప్రకటనలు రావు. 1999 నాటి సరుకు, హంగులు తక్కువ. మా ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లకి అదే మేలయింది.

పిల్లల చేత వ్యాసాలు రాయించడానికే అయితే ఇంత హడావుడి అక్కర్లేదు, నోటుబుక్కు చాలు. అసలు పాఠం కామెంట్లలో జరుగుతుంది. పోయిన ఉగాదికి ఒకబ్బాయి "మేము పొద్దున్నే వేపపువ్వు, బెల్లం తింటాము" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. వాళ్ళది తరతరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. నోటుబుక్కులో అయితే టిక్కు పెట్టి ఊరుకునేదాన్ని. కింద గుంటూరు అమ్మాయి "మామిడికాయ వెయ్యరా? చింతపండు కూడా వద్దా?" అని అడిగింది. ఇంకొకడు "మరి అది పచ్చడెలా అవుతుంది?" అన్నాడు. పోస్టు రాసినవాడికి పౌరుషం వచ్చింది. ఇంటికెళ్ళి అవ్వని కూర్చోబెట్టుకుని, కన్నడం వాళ్ళ బేవు-బెల్లం తమ ఇంట్లోకి ఎలా వచ్చిందో, ఎవరు దంచుతారో, ముందు ఎవరి చేతిలో పెడతారో అన్నీ కనుక్కుని పేజీడు రాసుకొచ్చాడు. నేను ఎర్రసిరాతో "ఇంకా వివరంగా రాయి" అని రాస్తే ఇంత పని జరగదు. అందుకే మా దగ్గర ఒకటే నియమం: ప్రతి కామెంటులో ఒక ప్రశ్న ఉండాలి. "సూపర్"లు, "నైస్"లు నేను అప్రూవ్ చెయ్యను.

పిల్లలకి విడిగా ఖాతాలు లేవు. పోస్టులు బడి ఖాతాలోంచి నేనే పెడతాను. కామెంట్లు ఎవరైనా పెట్టొచ్చు కానీ నేను చూశాకే కనబడతాయి. వాళ్ళు ముద్దుపేర్లతో రాస్తారు, ఫోటోలు పెట్టము, సెర్చ్‌లో రాకుండా సెట్టింగ్ మార్చాను. వ్యక్తిగత వివరాల రక్షణకి వచ్చిన 2023 డేటా చట్టం లెక్కలో 18 ఏళ్ళు నిండనివాళ్ళంతా పిల్లలే, కాబట్టి తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకున్నాం. కొందరి ఫోన్లలో కామెంటు పెట్టె మొండికేసేది. దాన్ని 'ఎంబెడెడ్' (పోస్టు కిందే ఉండేది) నుంచి 'ఫుల్ పేజ్' (విడి పేజీలో తెరుచుకునేది)కి మార్చాక ఆ గోల తగ్గింది.

టైపింగు సంగతి వేరే. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు మాట తయారుగా వచ్చేస్తుంది, వత్తులన్నీ ఫోనే చూసుకుంటుంది. తీరా డిక్టేషన్ పెడితే "పెళ్ళి" కాస్తా "పెలి" అవుతుంది. అందుకని ల్యాబ్‌లో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలు, గుర్తులు నేరుగా కీల మీదే ఉండే కీబోర్డు పద్ధతి) మాత్రమే వాడిస్తాను. అందులో "స్త్రీ" రావాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ వరుసగా కొట్టాలి. మొదట్లో ఏడుస్తారు, విసుక్కుంటారు. కానీ ఏ అక్షరం కింద ఏది చేరిందో వేళ్ళకి తెలిసిపోతుంది.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఏఐ. "చెట్ల ఉపయోగాలు" అని అడిగితే అందరి దగ్గర్నుంచీ ఒకే గ్రాంథికం దిగుతుంది. "మీ ఇంట్లో ఆవకాయ ఎవరు కలుపుతారు, ఎవరు రుచి చూస్తారు" అని అడిగితే ఏ యంత్రమూ చెప్పలేదు.

లోపాలకేం తక్కువ లేదు. బ్లాగర్ పాత ప్రతుల్ని దాచదు. దిద్దిన పోస్టు సేవ్ చేస్తే పిల్లవాడి మొదటి రాత మాయం. చిత్తుప్రతులు గూగుల్ డాక్స్‌లో ఉంచుకోవాలి. 2021లో ఈమెయిల్ చందా ఎత్తేశారు, కొత్త పోస్టు వచ్చిందని తల్లిదండ్రులకి వాట్సాప్‌లో లింకు పంపాల్సిందే. కొన్ని థీముల్లో వరుసల మధ్య ఖాళీ చాలక శీర్షికల్లో వత్తులు కింది వరుసకి తగులుతాయి. అన్నిటికన్నా, కామెంట్లు చూడటానికి ఆదివారం సాయంత్రం హరీ. రెండు సెక్షన్ల దాకా నెట్టుకురావచ్చు. మూడో సెక్షన్‌కి కూడా మొదలుపెట్టమని అడిగారు, మోడరేషన్‌కి ఇంకో టీచర్ని ఇస్తేనే అన్నాను.